ఎక్కాలు రాని మేడం

నిన్న మా పాపకు రంగుల క్లే డబ్బా కొనిచ్చినాను. మూత తీయగానే ఆ పిండివాసనకు చిత్తూరులో మా ఇంటి వరండా గుర్తుకొచ్చింది.

మూడో తరగతిలో నేను బడిలో నోరు తెరవడం మానేసినాను. హాజరు పిలిస్తే "ప్రెజెంట్" అనడానికి కూడా గొంతు పెగిలేది కాదు. బడివాళ్లు ఒక కౌన్సెలింగ్ మేడాన్ని కొన్ని వారాలు మా ఇంటికి పంపినారు. బిడ్డ మనసుకు వైద్యమంటే మావాళ్లకు పరువు తక్కువ. "ట్యూషన్ మేడం లే అక్కా" అని అమ్మ పక్కింటామెకు చెప్పేసింది. నేనూ అదే నమ్మినాను.

నేను లెక్కల పుస్తకం ముందర పెడితే ఆమె పక్కకు జరిపి, నా చేతిలో క్లే ముద్ద పెట్టింది. ఒకసారి మేం చేసిన ఉండలు లెక్కబెడుతూ, "ఆరు రెండ్లు పదమూడు గదా?" అనింది. ఇంత తెలివితక్కువ మేడం యాడ దొరికిందబ్బా అనుకున్నాను. "పన్నెండు!" అని అరిచినాను. ఆ రోజు నుంచి వచ్చినప్పుడల్లా ఆమె తప్పు చెప్పేది, నేను వీధికి వినబడేలా తిట్టి దిద్దేదాన్ని.

ఒకరోజు నాయన విన్నాడు. "బిడ్డ దగ్గర ఎక్కాలు నేర్చుకొనే ఈమె ఏం మేడం? రేపట్నుంచి రావద్దని చెప్పు" అన్నాడు అమ్మతో. తాము ఆడిన అబద్ధాన్ని తామే నమ్మిన ఘనులు! ఆమె కావాలనే తప్పు చెబుతోందని తెలిసే వయసు కాదు నాది. నాయనకు ఆ వయసుండింది, బుద్ధే లేదు.

ఆమె రావడం మానేసిన వారంలోనే నేను బడిలో "ప్రెజెంట్ మేడం" అన్నాను. తరగతి మొత్తం వెనక్కి తిరిగి చూసింది. ఇంటికి పరిగెత్తి ఆ సంగతి చెప్పినాను.

"అది సరే, లెక్కల్లో ఎన్నొచ్చినాయి?" అన్నాడు నాయన.