ఓడలు పెరిగిన కొద్దీ

మొన్న మా అక్క కూతురు నా ఇస్త్రీ దుకాణానికి వచ్చి ఫోను నా ముక్కుకు ఆనించింది. "మామా, గిది నువ్ పనిజేసిన కంపెనీయే గదా? కొత్త ఓడ దించిండ్రంట, చూడు!" చూశాను. బాన్సువాడ బస్టాండు నుంచి బజారు దాకా లేపి నీళ్ల మీద పెట్టినట్టుంది. పైన జారుడుబండలు, ఓ తోట, తోటలో నిజం చెట్లు. "గిందుల నువ్ ఏ అంతస్తుల ఉంటుంటివి మామా?" అని అడిగింది. నా వేలు కిందికి, ఇంకా కిందికి దించి ఫోను అంచు దగ్గర ఆపాను. "గీడ." "గది నీళ్లు గద!" "నీళ్లే బిడ్డా. గోడకు అవతల నీళ్లు, ఇవతల మీ మామ." అది పకపకా నవ్వి వెళ్లిపోయింది. ఎవరినైనా నవ్వించి పంపడం నాకు చిన్నప్పటి నుంచీ చేతనవును. వాళ్లు పోయాక ఏం చేయాలన్నదే ఇప్పటికీ రాదు.

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. కాదు, బడే ఊపిరి పీల్చుకుందని మా అక్క అంటుంది. ఇస్త్రీ పెట్టె పట్టుకొని బొంబాయి పోయి, ఓ హోటల్లో దుప్పట్లు మడతపెడుతుంటే ఓడల ఏజెంటు ఒకాయన నా మడతలు చూసి ముచ్చటపడ్డాడు. ఈత వచ్చా అన్నాడు. నిజాంసాగర్ కాలువలో వచ్చు, సముద్రం సంగతి సముద్రాన్ని అడగాలన్నాను. ఆయనకు తెలుగు రాదు కాబట్టి ఉద్యోగం ఇచ్చాడు.

అప్పటికి కంపెనీకి ఉన్నది ఒక్కటే ఓడ. అదీ పాతది. ఎక్కడో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు లారీలు మోసి అలసిపోయినదాన్ని కొని, తెల్ల రంగు వేసి, లారీలు నిలిపే చోట నాట్యశాల కట్టారు. వాన పడితే నాట్యశాలలో డీజిల్ వాసన వచ్చేది. పాపం పెద్ద పెద్ద దొరసానులు అది ఏదో సెంటు అనుకునేవారు. యజమాని ముసలాయన ఆదివారం మాతోపాటే పళ్లెం పట్టుకొని వరుసలో నిలబడేవాడు. అందరి పేర్లూ తెలుసు ఆయనకు. నా పేరును మాత్రం ముక్కలు చేసి, ఆ ముక్కల్లో తనకు నచ్చినవాటితో పిలిచేవాడు. బట్టలు ఉతికే గదిలో మేం ఎనిమిదిమందిమి, ఎనిమిదిమందీ ఎనిమిది దేశాలన్నట్టు ఉండేవాళ్లం. మొదటి వారమంతా నేను నవ్వులతోనూ చేతులతోనూ బతికాను. తొమ్మిదో రోజున ఆవిరి యంత్రం నా వేలు కాల్చింది. నేను తిట్టిన తిట్టుకు వెనక నుంచి ఓ గొంతు, "గట్ల గాదు తమ్మీ, గది మన దిక్కు ఇంకా గట్టిగ తిడ్తరు" అంది. తిరిగి చూస్తే నెరిసిన మీసాల మనిషి. వంటశాలలో పొయ్యిల దగ్గర పని. ఊరు మద్నూర్. భూగోళమంతా తిరిగే ఓడలో మా ఊరి బస్సు రూటు మనిషి! మహారాష్ట్ర సరిహద్దు ఊరు కాబట్టి ఆయనకు మరాఠీ ఎంతో తెలుగూ అంతే. ఆనాటి నుంచి ఆయన నాకు అన్న.

రోజూ రెండు పూటల పనికి మధ్య అరగంట దొరికేది. ఆ అరగంటే నాకు ఊరు. ఏమంత గొప్ప మాటలు కావు; మద్నూర్ హైవే మీద లారీలు, నస్రుల్లాబాద్ దిక్కు వడ్లు కోశారా లేదా, జొన్నరొట్టె ఎంత పలచగా కొట్టాలి. ఎక్కువభాగం ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే. "నీ మడతల్ల నీ తెలివి గూడ మడతపెట్టినవా?" అనేవాడు. "నీ కూరల ఉప్పు లేదు, సముద్రం పక్కనే ఉండె గదనే" అనేవాణ్ని.

కంపెనీ బాగుపడింది. రెండో ఓడ కొన్నారు. మూడోది కొత్తగా కట్టించారు. ముసలాయన పోయి కొడుకు వచ్చాడు; ముసలాయన ఫోటో భోజనశాల గోడ మీదికి వచ్చింది. ఓడ పెద్దదైన కొద్దీ నా గది ఒక్కో అంతస్తు కిందికి దిగింది. దుప్పట్లు మడిచే యంత్రం వచ్చాక నా పని దానికి కోపం రాకుండా చూసుకోవడమే. నన్ను అన్నింటికన్నా కొత్త ఓడకు మార్చారు, అన్నను పాతదాంట్లోనే ఉంచారు. కొత్త ఓడలో పనివాళ్లు మా ఊరి సంతకు వచ్చేంతమంది. అంతమందిలో తెలుగులో తుమ్మేవాడు కూడా లేడు. ఒక్కోసారి యంత్రం హోరులో గట్టిగా, "ఏంరా, తిన్నవా?" అని నన్ను నేనే అడిగేవాణ్ని.

మూడేళ్లకు మా రెండు ఓడలూ ఒకే పూట ఒకే రేవులో ఆగుతాయని తెలిసింది. అన్నకు ఫోన్ చేశాను. పదకొండు గంటలకు రేవు గేటు బయట, కొబ్బరిబొండాల బండి దగ్గర. నెలముందు నుంచి మాటలు పోగేసుకున్నాను. పదకొండింటికి వెళ్లి నిలబడ్డాను. రెండు బొండాలు కొట్టించాను. పన్నెండింటికి పనిలో ఉండాలి. రెండూ నేనే తాగి వెనక్కి వచ్చాను. సాయంత్రం రెండు ఓడలూ బయల్దేరాయి. పక్కపక్కనే ఉండి ఉంటాయి; మా గదికి కిటికీ లేదు.

ఆ రాత్రి అన్నే ఫోన్ చేశాడు. "ఏంరా, పెద్ద ఓడెక్కినవ్, ఇగ మేమేడ యాదికుంటం?" అన్నాడు నవ్వుతూ. రానివాడు పైగా నన్నంటాడా అని నాకు మండింది. "నీకు మెట్లు దిగ చాతగాకుంటె చెప్పరాదే? నీ మోకాళ్లు ఇగ పెన్షన్ అడుగుతున్నట్టున్నయ్" అన్నాను. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

వారం తర్వాత మా సూపర్‌వైజర్ మాటల్లో తెలిసింది. ఆ రేవులో మా కెప్టెన్ ఓడ గడియారాన్ని గంట ముందుకు తిప్పించాడు కదా. పాత ఓడలో తిప్పలేదట. ఏ ఓడ టైము దానిది. మొదటి ఓడలో ఇద్దరికీ ఒకే గోడ గడియారం కాబట్టి, ఎవరి పదకొండు అని అడగాలని మాకు తోచనే లేదు. నేను వెనుదిరిగిన వేళకు అన్న వచ్చి ఉంటాడు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాత ఆ నంబరే లేదంది. అన్న పని మాని ఊరికి పోయాడని ఎవరో చెప్పారు.

సెలవులకు వచ్చినప్పుడు రెండుసార్లు మద్నూర్ బస్సెక్కాను. రెండుసార్లూ బిచ్కుందలో దిగి, చాయ్ తాగి, తిరుగు బస్సు పట్టుకున్నాను. నాకు ఎగతాళి వచ్చు, తప్పయిందనడం రాదు. ఓడ మాని వచ్చి దుకాణం పెట్టాక కూడా పోలేదు. ఫోన్లో ఆ కొత్త ఓడను చూసిన మర్నాడు మాత్రం బస్సెక్కి, బిచ్కుందలో కళ్లు మూసుకొని సీట్లోనే కూర్చున్నాను.

అన్న అరుగు మీద ఉన్నాడు, పక్కన చేతికర్ర. గడియారాల సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. అన్న విని, "గది నాకు గా దినమే తెల్సె తమ్మీ" అన్నాడు. "బొండాలాయన చెప్పిండు, ఒకడు గంట నిలవడి రెండూ తాగి పోయిండని. గది చెప్తందుకే ఫోన్ జేసిన."

"మరి చెప్పకపోతివి?"

"మోకాళ్ల మాట అన్నవ్. గా పొద్దుగాలనే డాక్టర్ చూసి, ఇగ ఓడ పనికి పనికిరావన్నడు." చేతికర్రను గోడకు ఆనించి, "నీకెట్ల ఎర్కరా మరి? నీ తప్పు గాదు" అన్నాడు.

వదిన చాయ్ తెచ్చింది. అన్న మనవడితో మరాఠీలో ఏదో అని, పక్కింటాయనతో తెలుగులో వడ్ల సంగతి అడిగాడు. ఊరినిండా మాట్లాడేవాళ్లే. ఓడలో ఆ అరగంటకు ఆయనకు నేనొక్కణ్నే ఉండేవాణ్ని. ఇంకేంది అన్నాడు, ఏముందన్నాను. రెండోసారి కూడా అవే అనుకున్నాం. విడిపోయిన ఆరేళ్ల ముచ్చట్లకు ఒక్క రోజు ఎక్కడ చాలుతుందని, రాత్రి ఉండేలా తువ్వాలు, లుంగీ సంచిలో పెట్టుకొని పోయాను. మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను.