ఒలిచిన విత్తనం, వాన కబురు

వేరుశనగ విత్తనం ఒలిచాక ఎక్కువ రోజులు నిలవదు. మొలక చెడిపోతుంది. అందుకే మా ఉరవకొండ వైపు కాయలను బస్తాల్లోనే ఉంచి, వాన వస్తుందని నమ్మకం కుదిరాకే ఒలుస్తారు. రెండువేల తర్వాతి ఏళ్లలో, నేను అనంతపురంలో గణాంకశాస్త్రం చదివే రోజుల్లో, ఎవరి మాట నమ్మి ఒలవాలన్నదే మా ఇంట్లో తగువు.

నాయన మా సంఘపెద్ద మాట వినేవాడు. ఆరాధన ముగిశాక ఆయన చర్చి మెట్ల మీద నిలబడి ఆకాశం చూసి, "రాదప్పా" అనేవాడు. ఎప్పుడూ అదే మాట. మా నేల మీద అది చాలాసార్లు నిజమయ్యేది. "పడవచ్చు" అనే రేడియో తరచూ తప్పేది.

వాన దేవుని చేతిలో ఉందని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. నేను తూచింది మనుషుల మాటలనే. ఒక కబురు వినకముందు ఉన్న సందేహం, విన్నాక ఎంత తగ్గిందో కొలవాలని సమాచార సిద్ధాంతం చెబుతుంది. ఇది నాకు ఆదివారపు బడిలోనే తెలిసింది. బైబిల్లో, కరువులో వాన కోసం ప్రార్థించే ప్రవక్త పంపగా ఆయన సేవకుడు సముద్రం వైపు చూసి వచ్చి "ఏమీ లేదు" అన్న ప్రతిసారీ నిజమే చెప్పాడు. ప్రవక్తను కదిలించింది మాత్రం మనిషి చెయ్యంత మేఘం కబురు.

ఒకరోజు రేడియో "పడవచ్చు" అనకుండా గట్టి వాన పడుతుందంది. సంఘపెద్ద రాదన్నాడు.

"ఆయన నోట 'వస్తాది' అనే మాట ఎప్పుడన్నా విన్నావా నాయనా?"

"లేదు."

"అట్లయితే రాదంటే నీకు కొత్తగా ఏం తెలిసినట్టు? రేడియో మాట మారింది. ఆ మారిందాంట్లోనే ఉండాది కబురు."

నాయన సగం బస్తాలు ఒలిపించాడు. వాన అవతల పామిడిలో పడింది. మాకు చినుకు లేదు. విత్తనం పాతబడిపోతే వేయించి, బెల్లంతో సంఘంలో పంచాం. సంఘపెద్ద ఒక గుప్పెడు నోట్లో వేసుకుని, "మీ రేడియో వాన బాగుండాదప్పా, రోంత ఉప్పు తగ్గింది" అన్నాడు.

ఇంటికొచ్చాక నాయన అడిగాడు. "నీ లెక్కలో ఎవరు గెలిచినారు?"

"ఒక్క వానతో తేలదు నాయనా. చానా వానలు చూడాల."

"అన్ని వానలు ఈడ యాడుండాయి?"

అయినా ఆ తర్వాత ఆయన రోజూ రేడియో దగ్గర కూర్చున్నాడు, మాట మారుతుందేమో వినడానికి. రేడియో మాట మళ్లీ మారింది, సంఘపెద్ద మాత్రం రాదనే అన్నాడు. నాయన ప్రార్థన చేసి, మిగిలిన సగం ఒలిపించాడు. ఈసారి వాన మా చేలలో పడింది. మేము గొర్రు కట్టి విత్తనం వేసేశాం. సంఘపెద్ద తన బస్తాల మూతి కూడా ఇంకా విప్పలేదు.

నాయన మా ఆడవాళ్లను ఆయన వాకిట్లోకి పిలుచుకుపోయి, తానూ ఒలవడానికి కూర్చున్నాడు.

"ఈ ఏడు ఒక్కసారే గదప్పా నేను తప్పింది," అన్నాడు సంఘపెద్ద.

"మనకు కావల్సింది ఆ ఒక్కసారే గదన్నా."

సంఘపెద్ద ఇంకో బస్తా ముందుకు జరిపాడు. "ఒలువు ఒలువు. నేల పదును ఆరిపోతాది."