ఎడమ కొమ్ము వంగిన ఎద్దు

నా చిన్నప్పుడు మా బడిలో వారానికోసారి చేతిపని పీరియడు ఉండేది. బచ్చన్నపేట దగ్గరి మా ఊరి చెరువులో నీళ్లున్నా లేకున్నా బంకమట్టికి మాత్రం కొరత లేదు. లెక్కల సారే మాకు బొమ్మలు చేయడం నేర్పేవారు. లెక్క తప్పితే చెవి మెలిపెట్టే ఆ మనిషి మట్టి చేతికి తగలగానే మెత్తబడిపోయేవారు. ఆ పీరియడు కోసమే నేను బడికి పోయేదాన్ని.

ఆ ఏడు వానలు లేక మా బాపు ఎర్ర ఎద్దును అమ్మేశాడు. దాని ఎడమ కొమ్ము కిందికి వంగి కంటి పక్కకు వచ్చేది. అది పోయాక బాపు కొట్టం వైపు చూడడమే మానేశాడు. బడిలో బొమ్మల ప్రదర్శన పెడతామని, అయిపోయాక ఎవరి బొమ్మ వాళ్లు ఇంటికి తీసుకుపోవచ్చని సారు చెప్పగానే నా మనసులో ఆ ఎద్దే మెదిలింది. వంగిన కొమ్ముతో సహా చేశాను. "మన ఎద్దును ఇంటికి తెస్త బాపూ, నువ్వు రావాలె" అని వారమంతా ఆయన ప్రాణం తీశాను.

ప్రదర్శన రోజు జనగామ నుంచి ఆఫీసరు వచ్చారు. బల్ల మీద నా పేరున్న చీటీ వెనక ఒక ఎద్దు నిలబడి ఉంది. ఒళ్లంతా నున్నగా, రెండు కొమ్ములూ సమానంగా. నా వేళ్ల గుర్తు ఒక్కటి కూడా మిగల్లేదు. ముందురోజు మేము ఇంటికి పోయాక, మట్టి ఆరకముందే సారు తడిబట్టతో బొమ్మలన్నీ దిద్దారట.

ఆఫీసరు నా వీపు తట్టి మెచ్చుకున్నారు. బాపు తలపాగా చంకలో పెట్టుకుని, వంగి చాలాసేపు చూశాడు. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మరి మనదేది?" అని అడిగాడు.

ఏడుస్తూ సారు దగ్గరికి పోయాను. "నీ పేరే పెట్టిన కద, ఏడుస్తవేంది?" అన్నారు, నిజంగానే అర్థం కాక. నన్ను మోసం చేశారనిపించింది. చెవి మెలిపెట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఆ బొమ్మను అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.

సారు చెడ్డవారు కాదు, మా మేలే కోరారు. అయినా ఆయన ముందు మళ్లీ మట్టి ముట్టలేదు. ఇప్పుడు మా మనవరాలి బడి బొమ్మను వాళ్లమ్మ దిద్దబోతే ఇంతెత్తున లేస్తాను. కుక్కకు ఐదు కాళ్లుంటే ఉండనీ అంటాను. ముసలిదాని చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. బాపు పోయి ఏళ్లయింది. ఉంటే ఆ ఐదు కాళ్ల కుక్కను చూపించి, "ఇది మనదే బాపూ" అనేదాన్ని.