ఉస్తాద్ సుద్దగీతలూ నా కుంకుమబొట్లూ

ఆ రోజుల్లో నాకు ఏ పనైనా చేసేసిన తర్వాత భయం వేసేది గాని, చేసేముందు వేసేది కాదు. పంతొమ్మిదేళ్ల వయసు మరి. ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవరాలు బెంగళూరు నుంచి ఏడుపు గొంతుతో ఫోన్ చేసింది. దాని ఉద్యోగం కంప్యూటర్ కంపెనీలో. లక్షల వరుసల ప్రోగ్రామట, వందమంది కలిసి రాస్తారట. ఇది రెండు వారాలు కూర్చుని ఏదో మార్పు చేసి అందులో కలిపిందట. కలిపిన గంటకి దానికి సంబంధమే లేని చోట ఇంకేదో ఆగిపోయిందట. వాళ్ల పెద్దాయన ఒక్క ముక్క అడక్కుండా దీని మార్పు తీసేసి, ప్రోగ్రాముని నిన్న ఎలా ఉందో అలా పెట్టేశాడట. “ఎందుకు చెడిందో చూసి సరిచేస్తానన్నా వినలేదు తాతయ్యా! ముందు వెనక్కి పెట్టు, ఆలోచన తర్వాత అన్నాడు. నా మీద బొత్తిగా నమ్మకం లేదు,” అని ముక్కు చీదింది. నేను పకపకా నవ్వాను. (నవ్వినందుకు రెండు రోజులు నాతో మాట్లాడలేదనుకోండి.) ఆ పెద్దాయన ఎవరో నాకు తెలీదు గాని, ఆ మాట మాత్రం మా ఉస్తాద్‌ది.

తుంగభద్ర కాలువ కింద భూములున్నాయని విని, డెల్టాలో ఉన్న రెండెకరాలూ అమ్ముకుని రాయచూరు జిల్లాకి వచ్చేసిన వాళ్లలో మా నాన్న ఒకడు. కాలువ పక్కన కోస్తా వాళ్లందరం పాకలు వేసుకున్న చోటిని క్యాంపు అనేవాళ్లు. తుమ్మకంపలు కొట్టి, గట్లు పోసి, నల్లరేగడిని మడికట్లు చేయడానికి నాన్నకి రెండేళ్లు పట్టింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు గట్టు మీద నిలబడి, “జొన్న పండే భూమిల వడ్లేంది, పిచ్చి గిట్ల పట్టిందా ఏంది వీళ్లకు,” అనుకుంటూ పోయేవారు. నాన్న పైకి నవ్వేవాడు గాని, ఆ మాట ఆయన్ని లోపల తొలిచేస్తోందని మా అమ్మకి తెలుసు, నాకూ తెలుసు. ఇంట్లో నోళ్లు ఎక్కువై చేతిలో డబ్బు తక్కువై, నన్ను రాయచూరు ఊరి చివర ఒక సావుకారు బియ్యం మిల్లులో పనికి పెట్టారు.

మిల్లులో నా గురువు ఉస్తాద్. పిలుపు ఉస్తాదే గాని మనిషిది దగ్గర్లోని యాపలదిన్ని అనే ఊరు, జొన్న రైతుల కుటుంబం. నైజాం కాలంలో ఒక ఇంజను మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, పనితో పాటు ఆ పిలుపు కూడా తెచ్చుకున్నాడు. మిల్లులో వడ్లు ఆడే హల్లర్లు నాలుగు. ఒక్కోదానికి వడ్లు దిగే పలక, గింజని ఒరిసే బ్లేడు, బియ్యం బయటికొచ్చే మూత. వాటిని బిగించి ఉంచే బోల్టులు మూడేసి, మొత్తం పన్నెండు. ఒకటి తిప్పితే తక్కినవాటి లెక్క మారిపోయేది. అందుకని ఉస్తాద్ చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. బోల్టు మీద మొదలై పక్క ఇనప రేకు మీదికి వెళ్లేలా ఒక గీత గీసి, అప్పుడు తిప్పేవాడు. “దినానికి ఒకటే బోల్టు తిప్పాలె పిల్లగా. దినమంత బియ్యం సక్కగొస్తెనే పాత గీత తుడిచి కొత్తది గియ్యాలె. రాకుంటే సోంచాయించకు, మల్ల గీత మీదికే తెచ్చి పెట్టు. సోంచాయించుడు ఇంటికి పోయినంక,” అనేవాడు. సోంచాయించడమంటే ఆలోచించడం. నాకు ఆ గీతలు చూస్తే ఒళ్లు మండేది. పలకాబలపం పట్టిన పిల్లాడు మిల్లంతా తిరిగి గీకినట్టుండేది. పైగా రోజుకి ఒక్క బోల్టేమిటి, నాకు రెండు చేతులున్నాయి కదా!

దసరాకి మిల్లు ఆపి, దీపావళి దాటాక తెరిచేవాళ్లం. ఆ మధ్యలో ఉస్తాద్ జొన్న విత్తడానికి ఊరికి వెళ్లేవాడు. ఆ ఏడు వెళ్తూ వెళ్తూ, “పూజకు మిషన్లు తుడిచి పెట్టు. తుడుచుడే, తిప్పుడు లేదు,” అన్నాడు. తుడవమన్నాడు కదా అని నేను కిరసనాయిలు గుడ్డతో తుడిచిన తుడుపుకి ఇనుము తళతళలాడింది. ఉస్తాద్ ఏళ్ల తరబడి చూసి చూసి నిలబెట్టుకున్న గీతలన్నీ గుడ్డకి అంటుకుని వచ్చేశాయి. దుమ్ము తుడవమన్నాడు గాని గీతలు తుడవమనలేదన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆ తర్వాత భక్తి పొంగి, నూనెలో కలిపిన కుంకుమతో ఒక్కో బోల్టుకీ బొట్టు పెట్టాను. మామూలు బొట్లా? బోల్టు తలా, పక్క రేకూ రెండూ కలిసిపోయేంత. పూజకొచ్చిన సావుకారు అవి చూసి గుండె పట్టుకున్నాడు. “ఏమప్పా, బొట్టు పెట్టమంటే గోడకు జాజు పూసినట్టు పూస్తివి? డబ్బ కుంకుమ ఒక్క పూటకే ఒడ్సిపాయె గదప్పా!”

దీపావళికి ఇంటికి వెళ్తే నాన్న ముఖం వెలిగిపోతోంది. ముందు నాటిన మడి కోతకొచ్చింది. ఆ నేలలో మా మొదటి పంట. “మావాడు పనిచేసే మిల్లుకే తోలుకెళదాం,” అని క్యాంపులో అందరికీ చెప్పేశాడట. నా ఛాతీ అంగుళం పెరిగింది. మా వాళ్లకి మల్లెపూవులాంటి తెల్లబియ్యం కావాలి. ఉస్తాద్ పెట్టిన లెక్కకి బియ్యం మీద కాస్త ఎర్రడాలు మిగిలేది. క్యాంపు వాళ్లు నోరు తెరిచేలా ఆడించాలని, తిరిగొచ్చిన రోజు మధ్యాహ్నం ఖాళీ మిల్లులో పాన పట్టుకుని పన్నెండు బోల్టులూ తిప్పాను. బ్లేడు దగ్గరికి, మూత బిగువుకి, పలక వదులుకి. ఒకటి పావు చుట్టు, ఒకటి అర చుట్టు. గీతలు గియ్యలేదు. ఆమాత్రం గుర్తుండదా అనుకున్నాను.

బళ్లు తెల్లారేసరికి వచ్చాయి. ముందు మాది, వెనక క్యాంపువాళ్లవి ఆరు. ఉస్తాద్ మధ్యాహ్నం బస్సుకి గాని రాడు. ఆగుదామంటే సావుకారు ఊరుకోలేదు, నిజం చెప్పాలంటే నేనూ ఊరుకోలేదు. ఇంజను పట్టింది, బెల్టులు కదిలాయి, నాన్న తన చేత్తో మొదటి బస్తా పోశాడు. కింద బుట్టలోకి జలజలా రాలినదాన్ని వంగి పిడికిట్లోకి తీసుకున్నాను. బియ్యం కాదు, నూకలు. తెల్లగా ఉన్నాయి, అందులో లోటు లేదు.

సరిచేద్దామని ఒక బోల్టు తిప్పాను, నూక ఇంకా సన్నబడింది. ఇంకోటి తిప్పాను, వడ్లు వడ్లుగానే బయటికొచ్చాయి. మొదటిదాన్ని వెనక్కి తిప్పుదామంటే పావు తిప్పానో అర తిప్పానో గుర్తు లేదు. ఎటు తిప్పానో కూడా గుర్తు లేదు. నాలుగు హల్లర్ల మధ్య పాన పట్టుకుని పరుగెడుతున్నాను, చెమట కళ్లలోకి కారుతోంది. సావుకారు దోసిట్లోకి నూకలు తీసుకుని చూసి ఇంజను ఆపించాడు. “మిషన్ల ఏం లేదప్పా. పోయినేడు గిదే మిషన్ల ముత్యాలొచ్చినయ్. రేగడిల పండిన వడ్లు గింతే. చౌడు నీళ్లు తాగిన గింజ నిలువదు,” అని తేల్చేశాడు.

నాన్న బస్తాలోంచి ఒక వడ్ల గింజ తీసి పంటి కింద పెట్టి కొరికాడు. ఎండిన గింజైతే టక్కుమంటుంది, పచ్చిదైతే మెత్తగా నలుగుతుంది. టక్కుమంది. నమ్మకం కుదరక ఇంకోటి కొరికాడు. ఇంకో బస్తాలోంచి ఇంకోటి. వెనక బండి మీద కూర్చున్న క్యాంపు పెద్దాయన, “ఏరా, ఊరొదిలి వచ్చి తప్పు చేశామంటావా?” అన్నాడు మెల్లిగా. నాన్న కొరుకుతూనే ఉన్నాడు. నేను నోరు తెరిచి చెప్పాలి. తప్పు నేలది కాదు, వడ్లది కాదు, నాది అని. చెప్పలేదండీ. ఉద్యోగం పోతుందని భయం, క్యాంపు ముందు పరువు పోతుందని భయం. మధ్యాహ్నం బస్సు హారను వినిపించేదాకా, ఆ పూటంతా నాన్న తన పొలాన్ని అనుమానిస్తుంటే చూస్తూ నిలబడ్డాను.

ఉస్తాద్ భుజాన సంచి దించకుండానే బుట్టలో చెయ్యి పెట్టాడు. “గిదేంది పిల్లగా? ఏమేం తిప్పినవ్?”

“అన్నీ,” అన్నాను.

“గీతలేవి?”

“తుడిచేశాను. పూజకని.”

నాన్న చప్పున తలెత్తి చూశాడు. నేను నేల చూశాను. ఉస్తాద్ తిడతాడనుకున్నాను, కొడతాడని కూడా అనుకున్నాను. ఆయన ఒక బస్తా మీద కూలబడి, తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు. “ఎందుకు తెల్లగ చేద్దామనుకున్నానంటే...” అని నేను మొదలుపెట్టాను. “ఎందుకన్నది రేపు. ముందు ఎట్లుండెనో అట్ల పెట్టాలె. ఎట్లుండె?” అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది. ఎట్లుండెనో చెప్పగలిగే గీత ఒక్కటీ లేదు.

ఆయన లేచి మొదటి హల్లర్ దగ్గరికి వెళ్లి, బోల్టు మీద పేరుకున్న తవుడుని ఉఫ్‌మని ఊదాడు. కళ్లు చిట్లించాడు. “ఏయ్, ఇటు రా. గీ బొట్టు సగం బోల్టు మీద, సగం రేకు మీద ఉన్నదేంది? ఒకటి అటు చూస్తున్నది, ఒకటి ఇటు చూస్తున్నది.” నేను చూశాను. పూజనాడు పెట్టిన పెద్ద బొట్టు నేను బోల్టు తిప్పినప్పుడు రెండు ముక్కలై విడిపోయింది. “బొట్టు పెట్టినంక తిప్పినవా, పెట్టకముందా?” “పెట్టాకే!” “చుట్టు కంటే ఎక్కువ తిప్పినవా?” “లేదు, పావు, అర, అంతే!” ఉస్తాద్ గట్టిగా నవ్వాడు. “సావుకారూ, నీ డబ్బ కుంకుమ దండగ పోలేదు!” పాన పెట్టి మెల్లిగా తిప్పితే, బోల్టు మీద సగం వచ్చి రేకు మీద సగాన్ని కలుసుకుని నిండు బొట్టయింది. అలా తొమ్మిది బోల్టులు కలిపాం. నాలుగో హల్లర్ మీద బొట్లు నా చెమట చేతులకి తుడుచుకుపోయి ఉన్నాయి. “దాని బెల్టు తీసెయ్. మూడే నడుపుదాం,” అన్నాడు ఉస్తాద్.

ఇంజను మళ్లీ పట్టింది. రెండో బస్తా నాన్న పోయలేదు, నా వైపు తోశాడు. నేనే పోశాను. బుట్టలోకి గింజ గింజా నిండుగా, కాస్త ఎర్రడాలుతో, బియ్యం రాలింది. నాన్న దోసిలి పట్టి, “అయితే వడ్లు మంచివేనన్నమాట!” అన్నాడు. నన్ను తిడతాడేమోనని చూస్తే ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. వెనక బళ్లవాళ్లంతా దిగి వచ్చి తలో పిడికెడు తీసుకుని చూశారు. తర్వాత ఉస్తాద్ రోజుకొక బోల్టు చొప్పున గీత గీయించి నాచేతే తిప్పించి, చెడగొట్టింది బ్లేడేనని నాలుగో రోజుకి నాకే తెలిసేలా చేశాడు. (మొదటి బస్తా నూకలు మా ఇంటికే వెళ్లాయి. నెలరోజులు మా అమ్మ ఉప్పుడుపిండి తప్ప ఇంకోటి వండలేదు.) మరుసటి దసరాకి సావుకారు సణుగుతూనే రెండు డబ్బాల కుంకుమ తెప్పించాడు.

మూడో రోజు మనవరాలు ఫోన్ ఎత్తాక ఇదంతా దానికి చెప్పాను. “అయితే మీకు అన్నీ వెనక్కి వచ్చేశాయి కదా తాతయ్యా,” అంది. అన్నీ వచ్చాయి గాని ఒకటి రాలేదు. ఆ సాయంత్రం బండెక్కుతూ నాన్న నోరు నొక్కుకుని, “పొద్దున్నే చెప్పుంటే నా పన్ను మిగిలేది కదరా,” అన్నాడు. ఆ వడ్లు కొరికీ కొరికీ ముందుపన్ను కొస విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్లు ఎన్ని పంటలు పండినా, ఆయన నవ్వినప్పుడల్లా ఆ విరిగిన పన్ను కనిపించేది, ఆ పొద్దున నోరు మూసుకున్న కుర్రాడూ నాకు కనిపించేవాడు. ఇప్పుడు మా ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరుకీ, గ్యాసు స్టవ్వుకీ, నీళ్ల మోటారుకీ కుంకుమబొట్లుంటాయి. ముసలితనంలో మా ఆయనకి భక్తి ముదిరిందని మా ఆవిడ అందరికీ చెప్పుకుంటోంది. నేను కాదనను. గోడ మీద ఫొటోలో నాన్న విరిగిన పన్నుతో నవ్వుతుంటాడు, కింద కూర్చుని నేనూ నవ్వుకుంటాను.