ఇటుకల పండగనాడు నేను పట్టుకెళ్లిన నోటీసు

చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూ కూడా మనిషి ఒక్క పూటలో ఎంత పరువు పోగొట్టుకోవచ్చో తెలియాలంటే నన్నడగండి. నాలుగేళ్లయింది. తలుచుకుంటే నాకిప్పటికీ చెమటలు పడతాయి. మా ఆవిడకి మాత్రం దగ్గొచ్చేంత నవ్వొస్తుంది.

మాది శృంగవరపుకోట వైపు. అరకులో రేకులు, తాళ్లు, టార్పాలిన్లు అమ్మే చిన్న కొట్టు నాది. కొండమీది ఊళ్లో దొయిమతి అని ఒకావిడ టూరిస్టుల కోసం గుడారాలు వేస్తూ, నా దగ్గర నలభై రెండు వేల సరుకు అరువు పట్టుకెళ్లింది. చలికాలం సీజన్లో ఇచ్చేస్తానంది. చైత్రం వచ్చింది గానీ డబ్బు రాలేదు. ఆ ఊళ్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇటు చూస్తే, విశాఖలో నాకు సరుకిచ్చే హోల్‌సేలు ఆయన పాత బాకీ తీరిస్తేనే కొత్త సరుకు పంపుతానని కూర్చున్నాడు. వానలు రాబోతుంటే టార్పాలిన్ లేని కొట్టు ఎందుకండీ, తాళం వేసుకోవడానికా?

"ఓపాలి కొండెక్కి అడిగి రాకూడదేటండీ?" అంది మా ఆవిడ వరలక్ష్మి.

"కొట్టు యవ్వారంలో నువ్వు వేలెట్టకు," అన్నాను. ఇదుగో, ఈ మాట గుర్తుపెట్టుకుని నన్ను తిట్టుకోండి.

శుక్రవారం కొట్టు ఆవిడకప్పగించి కోటలో వకీలుగారి దగ్గరికెళ్లాను. ఆయన పెద్దమనిషి, వివరంగా చెప్పాడు. "ఇంటి మీదికెళ్లి అరవకూడదు. సామాను ఎత్తుకు రాకూడదు. పదిహేను రోజుల గడువుతో నోటీసిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. అన్నిటికన్నా ముందు మీ లెక్కలు మీరొకసారి సరిచూసుకోవాలి." చివరి మాట తప్ప అన్నీ చెవికెక్కాయి. రెండు వేలు ఫీజిచ్చి, నోటీసు చంకలో పెట్టుకుని, రాత్రికి ఇల్లు చేరాను. మా ఆవిడ ఏదో చెప్పబోయింది.

"వకీలుతో మాట్లాడొచ్చాను, బుర్ర వేడిగా ఉంది. కొట్టు సంగతులు ఎత్తకు," అన్నాను.

ఆవిడ మూతి ముడుచుకుని అన్నం పెట్టింది.

రిజిస్టరు పోస్టులో పంపమన్నాడు వకీలు. నాకేమో ఆత్రం. ఆదివారం ఇటుకల పండగ, అంటే కొండవాళ్ల చైత్ర పండగ, ఆడవాళ్లంతా ఊళ్లోనే ఉంటారు, చేతికే ఇచ్చేద్దామనుకున్నాను. ఆ పండగకి మగవాళ్లు వేటని కొండల్లోకి వెళితే, ఆడవాళ్లు రోడ్డుకడ్డంగా కర్రలు కట్టి, పాటలు పాడుతూ, వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తారు. పదకొండేళ్లుగా అక్కడ బతుకుతున్నవాణ్ణి, నాకు తెలియక కాదు. గేటుకో పది రూపాయలు, ఏం కొంప మునిగిందిలే అనుకున్నాను. తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని స్కూటరెక్కాను.

మొదటి గేటు దగ్గర ఇరవై. రెండో గేటువాళ్లు నన్ను గుర్తుపట్టారు. "టార్పాలిన్ సావుకారు వచ్చినాడే," అంటూ యాభై లాగారు. అయిదో గేటు దాటేసరికి జేబు లోపలి గుడ్డ బయటికొచ్చింది. వసూలుకి బయల్దేరినవాణ్ణి వసూలైపోతున్నాను. ఆరో గేటు దొయిమతి ఊరిది. కర్రకి ఇటు నేను, అటు ఎనిమిది మంది ఆడవాళ్లు, మధ్యలో కొంగు బిగించిన దొయిమతి. పక్కన ఒక ముసలమ్మ, డబ్బులివ్వనివాళ్ల మీద పోయడానికి, పేడనీళ్ల బకెట్టుతో సిద్ధంగా ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"వసూలుకో పద్ధతి ఉంటాది," అన్నాను స్కూటరు దిగకుండానే. "ముందు నోటీసివ్వాలి. గడువివ్వాలి. సంతకం తీసుకోవాలి. అదీ సట్టం. ఇలా రోడ్డుకి కర్ర అడ్డమెట్టడం కాదు."

"అలాగేటి?" అంది దొయిమతి. "మరి నీకాడుందా అలాటి నోటీసు?"

ఉందంటూ దర్జాగా తీసిచ్చాను. ఇంటర్ చదివిన మనిషి, నిమ్మళంగా చదువుకుంది. తర్వాత తమ భాషలో అందరికీ చెప్పింది. పాట ఆగిపోయింది. బొడ్లోంచి ఫోను తీసి, అందులో బ్యాంకు మెసేజీ ఒకటి నా ముక్కు దగ్గర పెట్టింది.

"శుక్రోరం సంతకొచ్చి మీ కొట్లోనే, మీ ఇంటావిడ ఫోనుకి ఏసినాను. నలభై రెండు వేలు. నువ్వు కొట్లో నేవు. వకీలు కాడికెల్లినావంది."

అంకెలు చూశాను. వరలక్ష్మి పేరు చూశాను.

"నాకు... సెప్పలేదే," అన్నాను.

"అది మీ ఇంటి సంగతి. నేను ఆలీసం సేసినాను, కాదన్ను. ఈ ఏడు టూరిస్టులు రాలేదు. ఒక్కపాలి వచ్చి అడిగితే సిగ్గుపడి అప్పుడే ఇచ్చీదాన్ని. నా మీద కాయితం ఏత్తావనుకోలేదు సావుకారూ."

నిజంగా సిగ్గేసింది. స్కూటరు దిగి దణ్ణం పెట్టాను. "తప్పైపోయింది దొయిమతీ."

"సర్లే. గేటు డబ్బులియ్యి. నీకు రెండొందలు."

జేబు తడుముకున్నాను. ఫోన్లో కొడదామంటే సిగ్నల్ లేదు. ముసలమ్మ బకెట్టు ఎత్తింది.

"ఆగవే," అంది దొయిమతి. "సావుకారికి అన్నీ సట్టం పెకారం సేద్దారి."

నా నోటీసునే తిరగేసి, వెనకవైపు రాసింది. గేటు బాకీ రెండు వందలు, గడువు పదిహేను రోజులు. కింద ఎనిమిది మంది సంతకాలూ వేలిముద్రలూ. ముట్టినట్టు నా చేత సంతకం పెట్టించి, ఫొటో తీసుకుని, కాగితం నా జేబులో దోపి కర్ర ఎత్తారు.

ఇంటికొచ్చి మా ఆవిడ మీద ఎగిరాను. "డబ్బొచ్చిందని సెప్పొద్దేటే?"

"వేలెట్టొద్దన్నారు కదండీ," అంది. "శుక్రోరమే ఆ డబ్బు విశాఖ ఆయనకి పంపీసాను. టార్పాలిన్లు లారీ ఎక్కీసాయట."

నోరు మూసుకుని అన్నం తిన్నాను. పద్నాలుగో రోజున, గడువు దాటకూడదని, రెండు వందలు పట్టుకుని ఎండలో కొండెక్కాను. దొయిమతి నన్ను ఎగాదిగా చూసింది.

"మీ ఇంటావిడ మొన్న సంతలోనే కట్టీసింది కదా. సెప్పలేదేటి?"

అక్కడే, ఆ కొండమీదే, సూర్యభగవానుడి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక నా బొందిలో ప్రాణముండగా, ఎవరికి నోటీసివ్వాలన్నా ముందు వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి విచారణ చేసుకుంటాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడగందే ఆలు కూడా చెప్పదు.