పళ్ళు లేని తిమింగలం

2023 వానాకాలం. సూరత్‌లోని ఖటోదరాలో మాది మెత్తటి బొమ్మలు కుట్టే చిన్న కార్ఖానా. మా నాన్న సిరిసిల్ల నుంచి వచ్చి ఇక్కడి మగ్గాల మీద పనిచేశాడు. నాకు కుట్టుపని అబ్బింది. ఏనుగులు, ఎలుగుబంట్లు, కుందేళ్ళు ఎన్ని కుట్టానో లెక్కలేదు. వాటిలో ఒక్క తిమింగలాన్ని మాత్రం మరిచిపోలేను.

ఆ ఆర్డర్ తెచ్చింది అనూష. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, చూపులేని పిల్లల బడిలో టీచరు. ఫోన్‌లో ఒక పుర్రె ఫోటో చూపించింది.

"సెటోథీరియం అంటరు అక్కా. కోటి ఏండ్ల కింద సముద్రంల తిరిగింది. ఇప్పుడు లేదు, బొక్కలే దొరికినయి. పాఠం చెప్పిన గానీ పిల్లలకు సమజ్ కాలే. చేత్తోని పట్టి చూడాలె వాళ్ళు."

తిమింగలాల్లో ఇది చిన్నదట. అసలు కొలతకే కుట్టమంది. ముందు నమూనాగా చిన్నది ఒకటి తయారుచేశాను. బూడిదరంగు సాటిన్, మెరిసే గాజు కళ్ళు, దారంతో కుట్టిన చిరునవ్వు. నా కంటికి ముద్దొచ్చింది.

దాన్ని చూడడానికి అనూష తన విద్యార్థిని రమ్యను వెంటబెట్టుకొచ్చింది. పదేళ్ళ పిల్ల. వాళ్ళూ తెలుగువాళ్ళే, నాన్న సూరత్ దగ్గరి కిమ్ ఊళ్ళో మిల్లు కార్మికుడు. రమ్య బొమ్మను ఒళ్ళో పెట్టుకుని అంతా తడిమి, మర్యాదగా అంది: "మస్తుగుంది ఆంటీ. తకియానా?"

నా ముఖం చిన్నబోయింది. నా తిమింగలం ఆమె చేతికి దిండులా తగిలింది.

"ఏం తెలిస్తే నీకు తిమింగలం అనిపిస్తది బిడ్డా?" అని అడిగాను.

"ఏం తింటదో, ఎట్ల తింటదో తెల్వాలె గద! దీనికి నోరేది?"

నోరు ఉత్త దారపు గీతే. కుట్లన్నీ విప్పి, పాటర్న్ మళ్ళీ గీశాను. పాటర్న్ అంటే గుడ్డ కత్తిరించే ముందు కాగితం మీద వేసుకునే అచ్చు. ఈసారి అసలు కొలతకే, నోరు తెరుచుకునేలా. ఈ జంతువుకు పళ్ళుండవు, పై దవడ నుంచి కుచ్చుల్లాంటి పొరలు వేలాడుతుంటాయి. వాటిని బెలీన్ అంటారు. చీర కొంగు కుచ్చులు పెట్టి చూస్తే మెత్తగా వాలిపోయాయి. చివరికి మందపాటి నైలాన్ దారాలు వరసలుగా బిగించాను. చర్మానికి జారే రెక్సిన్ వేశాను. నొక్కితే ఎముకలా తగలాలని దవడలో ప్లాస్టిక్ పైపు దూర్చాను. మిషన్లన్నీ గోడకు జరిపితే గానీ దానికి చోటు సరిపోలేదు.

వానలో పట్టా కప్పి, టెంపోలో బడికి తీసుకెళ్ళాం. రమ్య తోక దగ్గర మొదలుపెట్టి, రెండు చేతులూ ఆనించి మెల్లగా నడిచింది. "ఇంక ఉన్నదా?" అని మధ్యమధ్యలో అడుగుతూ తల దాకా వచ్చి, భుజం వరకు చెయ్యి నోట్లో పెట్టింది.

"పళ్ళేవి?"

"ఉండవు బిడ్డా. నోటినిండ నీళ్ళు పట్టి బయటికి తోస్తది. నీళ్ళు పోతయి, చేపలు ఆ కుచ్చులకు ఆగుతయి."

"చాయ్ జాలి లెక్కనా!" అని అరిచి, మిగతా పిల్లలను గుజరాతీలో పిలిచింది. అందరూ తిమింగలం మీద పడ్డారు. నేను బిగించిన కుట్లు నిలుస్తాయా అని చూస్తూ నిలబడ్డాను. నిలిచాయి.

కాసేపటికి రమ్య దాని పొట్టకు చెంప ఆనించి అడిగింది. "ఇది ఏ రంగుల ఉండె టీచర్?"

"తెల్వది రమ్యా. బొక్కలే దొరికినయి గద. దాని రంగు ఎవ్వరు చూడలే."

"నువ్వు గూడ చూడలేదా? ఆంటీ గూడనా?"

"ఎవ్వరం చూడలే," అన్నాను.

రమ్య పకపకా నవ్వింది. "అయితే నేను చెప్తున్న. పసుపుపచ్చ ఉండె."

కాదనడానికి మా ఇద్దరి దగ్గరా ఏ ఆధారమూ లేదు. అనూష కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఆర్డర్ ఇవ్వడానికి ఎవరొచ్చినా, బొమ్మ ఎలా కనబడాలని ముందుగా అడగను. దాన్ని పట్టుకునేది ఎవరు, వాళ్ళు అందులో ఏం వెతుక్కుంటారు అని అడుగుతాను. వీలైతే ఆ పిల్లలనే తీసుకురమ్మంటాను. వాళ్ళు చెప్పింది విన్నాకే కత్తెర పడుతుంది.