ఆ చల్లగాలి ఎక్కడిది?

నా బండి స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి చెప్తున్నా. ఇందులో ఒక్క ముక్క కల్పించినా రేపు పొద్దున ఆ బండే నా మీద నుంచి పోనీ. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి.

పోయిన ఎండాకాలం. నంద్యాల ఆస్పత్రిలో మా అన్నకు ఇక లాభం లేదన్నారు. ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఇల్లు ఆళ్లగడ్డలో. మా దగ్గర బయట ప్రాణం పోయిన మనిషిని గడప లోపలికి తేరు. ఎంత పెద్దవాడైనా వీధిలోనే పడుకోబెడతారు. ఆ ఇల్లు అన్న దగ్గరుండి కట్టించుకున్నది. అందుకే ఒకటే పట్టు పట్టాడు... ఊపిరి ఉండగానే లోపలికి చేర్చమని. మంచం వేసి ఉంచడానికి వదిన ముందే బస్సెక్కింది.

నాది పాత పికప్. వెనక కూడా సీటుంది. అన్నను అందులో పడుకోబెట్టా. రాత్రైనా వడగాలే. ఏసీ వేస్తే బ్లోయర్ గోల తప్ప చల్లదనం లేదు. ఒళ్లు మండుతోందని అన్న ఒకటే మూలుగు... వినలేకపోయా.

శిరివెళ్ల దాటాక ఆపి బానెట్ ఎత్తా. చూస్తే నా నిర్వాకమే. పగలు కోయిలకుంట్లలో శనగ మూటలు ఎత్తేటప్పుడు, ఇంజను వేడెక్కుతోందని ముందు జాలీకి తడి గోనెపట్టా కట్టా. మా వైపు బండ్లోళ్లందరూ కడతారు. అది ఎండి, పొట్టు అతుక్కుని, అట్టలా బిగిసింది. ఇంక గాలెట్లా పోతుంది? పీకి పారేశా.

అయినా లాభం లేదు. ఏసీ వేయగానే గాలిని చల్లబరిచే కంప్రెసర్ టక్‌మని పట్టుకోవాలి. స్విచ్ వేశా... తీశా... మళ్లీ వేశా. టక్ లేదు. ఫ్యూజు మార్చా. స్పానర్‌తో మెల్లగా తట్టా. బెల్టు తిరుగుతోంది, కంప్రెసర్ తిరగడం లేదు. ఏడుపొచ్చింది. బానెట్ మూసి ఎక్కేశా.

కొంచెం దూరం పోయా...

మోకాళ్లకు చల్లగా తగిలింది.

టక్ వినపడలేదు. వస్తే నాకు తెలియదా? అయినా చల్లగాలి... అద్దానికి ఆవిరి పట్టేంత చలి. అన్న మూలుగు ఆగింది. వెనక నుంచి... చాలా మెల్లగా...

"సల్లగుండాదబ్బీ. ఇంగ నిదానంగా పో."

అన్న గొంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. గుంతల్లో ఒళ్లు అదరకుండా నిదానంగా పోనిచ్చా. నిద్రపోయాడులే అనుకుని వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటి ముందు ఆపా. వదిన బండి తలుపు తీసి అన్న చెయ్యి పట్టుకుంది.

"ఎప్పుడో పోయినాడు కదప్పా. బిగుసుకపోయినాడు."

దారిలో మాట్లాడాడని ఒట్లేశా, పెద్దవాళ్ల కాళ్లు పట్టుకున్నా. ఎవరూ నమ్మలేదు. అన్నను వీధిలోనే పడుకోబెట్టారు. లోపల మంచం వేసినట్టే ఉంది.

తర్వాత మెకానిక్‌కు చూపించా. ఏసీ గొట్టానికి ఎప్పుడో చిల్లు పడిందట, చుక్క గ్యాస్ లేదట. చల్లగాలి వచ్చిందంటే నా మొహంలోకి ఒకసారి చూసి బానెట్ మూసేశాడు.

ఆ గొంతు మా అన్నదేనా? అయితే అప్పటికి ప్రాణం ఉన్నట్టే... నేను తొందరగా పోయుంటే లోపలికి చేరేవాడు. మా అన్నది కాకపోతే... నన్ను నిదానంగా పొమ్మన్నది ఎవరు?

చివరికి ఏమన్నాడని వదిన ఇప్పటికీ అడుగుతుంది. చల్లగా ఉందన్నాడని చెప్తా. రెండో మాట ఇంతవరకూ చెప్పలేదు.